రోజూ ఒక పెగ్గా, ఆదివారం మాత్రమేనా, అసలు వద్దా?

కావలి నుంచి ఒంగోలు దాకా నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: "రోజూ ఒక పెగ్గు వేసుకుంటే గుండెకు మంచిదంట గదా? అసలు తాగనోళ్ల కంటే మేలంట గదా?"

ఈ మాట గాలికి పుట్టింది కాదు. మితంగా తాగేవాళ్లకు గుండెజబ్బులు తక్కువని చెప్పిన అధ్యయనాలు చాలానే ఉన్నాయి. అయితే వాళ్లను ఎవరితో పోల్చారన్నదే నా దృష్టిలో అసలు సంగతి. చాలా అధ్యయనాల్లో 'తాగనివాళ్లు' అన్న గుంపులో జన్మలో చుక్క ముట్టనివాళ్లతో పాటు, ఒళ్లు చెడి మానేసినవాళ్లూ కలిసిపోయారు. మన ఊళ్లలోనే చూడండి. అరవై ఏళ్లకు మందు మానేసిన పెద్దాయన ఎందుకు మానేశాడు? లివర్ దెబ్బతినో, గుండెకు స్టెంట్ పడో. అలాంటివాళ్ల పక్కన నిలబెడితే పెగ్గు తాగేవాడు ఆరోగ్యంగానే కనిపిస్తాడు. పైగా మితంగా తాగేవాళ్లలో డబ్బు, చదువు, మంచి తిండి ఉన్నవాళ్లు ఎక్కువ. ఈ తేడాలు సరిచేసి లెక్క కడితే ఆ మేలు చాలావరకు కరిగిపోయింది.

క్యాన్సర్ సంగతిలో ఆ మాత్రం సందేహం కూడా లేదు. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని గట్టిగా రుజువైనవాటిలో, చేర్చింది. ఇంత తాగితే ముప్పు ఉండదు అనే మోతాదు ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బీడీ, గుట్కా కూడా ఉన్నవాళ్లకు నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక ఆదివారం క్వార్టర్. 180 మి.లీ. విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. రోజూ 30 మి.లీ. చొప్పున తాగితే వారానికి 70 గ్రాములు. మొత్తం దగ్గర దగ్గరగానే ఉన్నా, ఒక్క పూటలో తాగేయడమే గుండెకు, బీపీకి ఎక్కువ చెరుపు. బైకు మీద ఇంటికి వెళ్లేవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. ఈ రెండింట్లో రోజువారీ చిన్న పెగ్గే కాస్త నయం. కానీ ఇంట్లో కొలత లేకుండా పోసుకునే పెగ్గు 30 దగ్గర ఆగడం అరుదు.

బీరు, కల్లు అయితే పర్లేదా అంటారు. అందులోనూ ఉండేది అదే ఆల్కహాలు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములు దాటుతుంది. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు వద్దని తిరగబడిన సారాలోనూ అదే.

అలవాటు లేనివాళ్లు గుండె పేరు చెప్పి కొత్తగా మొదలుపెట్టొద్దు, నేను గట్టిగా చెప్పేది ఇదే. తాగేవాళ్లు ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లు డాక్టరుకు చెప్పి, మందుల సాయంతోనే మానాలి.