ఏడంటే ఏడు: అహోబిలంలో రెండు రోజులు

హైదరాబాద్ నుంచి కారులో ఏడున్నర గంటలు పట్టింది. కర్నూలు, నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ చేరి, అక్కడ హైవే వదిలి నల్లమల వైపు తిరిగితే దిగువ అహోబిలం. కార్తీకం చివరి వారం. వానలు తగ్గినా భవనాశిలో నీళ్లు బాగానే పారుతున్నాయి. అమ్మ, అక్క, బావ, మేనల్లుడు, నేను, మొత్తం ఐదుగురం.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు కూకట్‌పల్లిలో ప్రింటర్లు, కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. "సాయంత్రానికి ఇచ్చేస్తా అన్నా" అని రోజుకు పదిసార్లు అంటాను. అందులో ఎన్ని సాయంత్రాలు మర్నాటికి జారాయో నాకూ, నా కస్టమర్లకూ తెలుసు. కింద ఎవరినైనా తిట్టినట్టు కనిపిస్తే, ఆ తిట్లలో నా వాటా నేను తీసుకునే రాశాననుకోండి.

బసకు దిగువ అహోబిలమే మేలు. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, సత్రాలున్నాయి. కాకపోతే కార్తీకంలో ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. మేం చేసుకోలేదు, ఒక లాడ్జిలో పడ్డాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి. గోడ మీద "24 గంటలు వేడినీళ్లు" అని బోర్డుంది. తెల్లారి నాలుగున్నరకు కుళాయి తిప్పితే వచ్చినవి బావినీళ్లంత చల్లన. కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే, "ఆ బోర్డు ముందు ఓనరు పెట్టించింది సార్" అన్నాడు.

అసలు కథ జీపుది. నవ నారసింహుల్లో భార్గవ, యోగానంద, ఛత్రవట స్వాములు దిగువ వైపున ఉంటారు. కారంజ స్వామి ఎగువకు పోయే దారిలోనే. అహోబిల, వరాహ, మాలోల, జ్వాలా నరసింహులది ఎగువ. మిగిలిన పావన నరసింహస్వామి మాత్రం అడవి లోపల ఉన్నాడు. నడవగలిగినవాళ్లు ఎగువ నుంచి కొండ దాటి నడుస్తారు, మిగతావాళ్లకు దిగువ నుంచి జీపే దిక్కు. ఆ దారి చూశాక దాన్ని దారి అనడానికి నోరు రాలేదు. వాగు, బండలు, మళ్లీ వాగు. మన కారు ఆ ఛాయలకు కూడా పోదు.

ముందురోజు సాయంత్రం ఇద్దరు డ్రైవర్లతో మాట్లాడాం. మొదటాయన యాభై దాటిన మనిషి, చెవిలో బీడీ. "పొద్దున ఐదున్నరకు రాగలవా?" అంటే తల అడ్డంగా ఊపాడు. "ల్యా సార్. నేను బండి తీసేది ఏడుకే. ఏడంటే ఏడు" అన్నాడు. ఎండ ముదరకముందే అమ్మను తీసుకుపోయి తీసుకురావాలని బావ పట్టుదల. రెండో కుర్రాడు మేం ఏమడిగినా "ఓకే సార్" అన్నాడు. ఐదున్నరకా? ఓకే. లాడ్జి ముందుకేనా? ఓకే. బండిలో మేమే, వేరే ఎవర్నీ ఎక్కించవు కదా? ఓకే ఓకే. రేటులో ఇద్దరికీ తేడా లేదు. ఐదువందలు అడ్వాన్సిచ్చి హాయిగా పడుకున్నాం.

ఐదున్నరకు లాడ్జి మెట్ల మీద కూర్చున్నాం. ఆరుకు ఫోన్ చేస్తే "దారిలో ఉన్నా సార్". ఆరుంబావుకు "రెండు నిమిషాలు సార్". ఆ రెండు నిమిషాలు నాకు బాగా తెలిసినవే. ప్రింటర్ ఇంకా విప్పకుండానే "టెస్టింగ్‌లో ఉంది" అని నేను చెప్పే నిమిషాలవి. ఆరున్నర తర్వాత ఫోన్ ఎత్తలేదు. సరిగ్గా ఏడుకు ఒక జీపు మా ముందునుంచే పోయింది. నడిపేది చెవిలో బీడీ పెద్దాయన. వెనక ఎవరో కుటుంబం, పిల్లలు మాకు చేతులూపారు కూడా. బావ ఎటో చూశాడు.

మా జీపు ఏడూ నలభైకి వచ్చింది. డ్రైవరు వేరే మనిషి, లోపల అప్పటికే ముగ్గురున్నారు. గొడవపడే ఓపిక లేక ఎక్కాం. దర్శనం బాగా జరిగింది. ఆ చిన్న గుళ్లో ఆకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని ఐదు నిమిషాలు దొరికాయి. కానీ అమ్మ నడుం సంగతి ఆ మధ్యాహ్నమంతా విన్నాం. అడ్వాన్సు కుర్రాడు మళ్లీ కనబడలేదు. కనబడినా ఏమనేవాణ్ణో తెలీదు. "రాలేను" అని ముందురోజే అని ఉంటే మాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మొహం మీద లేదనడానికి మొహమాటం, పైగా బేరం పోతుందన్న భయం. రెండూ నాకున్నవే.

రెండోరోజు ఎగువ. అమ్మకు డోలీ మాట్లాడాం. ఆ మనుషులు బేరానికి ముందే షరతులు చెప్పారు. "జ్వాల దాకా మోస్తాం. వాగు జోరుగుంటే మాత్రం వరాహస్వామి కాడే దించుతాం. అప్పుడు సగం డబ్బులిద్దురు." వాగు దయ తలిచింది. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే చోట పైనుంచి నీళ్లు తెరలా పడుతుంటాయి. అక్కడ ఒకాయన తన తువ్వాలు తీసి అమ్మ తల మీద కప్పాడు. అది బేరంలో లేదు.

దారిలో ఆయనే పారువేట సంగతి చెప్పాడు. కనుమ నాడు స్వామి పల్లకిలో బయల్దేరి, నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి తానే పిలుచుకుంటాడు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కదా, ఈ చుట్టుపక్కలంతా అత్తగారి తాలూకే. ఏ ఊళ్లో ఎప్పుడు దిగాలో వరస ఉంది. "ఆయప్ప వస్తాడంటే ఆ పొద్దుకు వచ్చేదే సార్. ఊర్లో చుట్టాలంతా అప్పటికే దిగింటారు" అన్నాడు.

ఇక భోజనం. పొద్దున ఎగువ గుడికి దగ్గర్లో ఒకావిడ నడిపే చిన్న మెస్సులో ఇడ్లీ తిన్నాం. "మధ్యాన్నం తినేటట్లుంటే ఎంతమందో చెప్పిపోండి. లెక్కకే వండుతాం" అందామె. "ఐదుగురం, ఒంటిగంటకు వచ్చేస్తాం" అన్నాను. నేనే అన్నాను.

జ్వాల దగ్గర గంట, మాలోల దగ్గర ఇంకో గంట, మేనల్లుడి ఫొటోలు. కిందికి దిగేసరికి మూడుంబావు. షట్టరు సగం దించి ఉంది. లోపల బల్ల మీద ఐదు విస్తళ్లు, పక్కన మూత పెట్టిన గిన్నెలు. "ఒంటిగంటకు అంటిరి కదా, మూడు దాటె" అంది, కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. అన్నం చల్లారింది కానీ రసం మళ్లీ పొయ్యి మీద పెట్టి పొగలొచ్చేలా తెచ్చింది. గోంగూర పచ్చడి, అలసందల కూర. ఈ రెండు రోజుల్లో ఇంతకన్నా మంచి తిండి దొరకలేదు.

విస్తరి ముందు కూర్చున్నాక వాళ్ల పిల్లాడు చెప్పాడు. "రెండింటప్పుడు ఆరుమంది వచ్చిరి సార్. అన్నం ల్యాదని పంపిస్తిమి."

ఉంది కదా అనబోయి ఆగాను. అది మా అన్నం. "ఫోనైనా చేయాల్సింది. మీ నంబరు లేదు, పైన సిగ్నల్ కూడా అంతంతమాత్రమే..." అన్నాను.

మేనల్లుడు నా భుజం తట్టి గోడ చూపించాడు. పొద్దున నేను ఇడ్లీ తిన్న చోటికి సరిగ్గా ఎదురుగా, నీలం పెయింటుతో మూరెడు అంకెల్లో నంబరు రాసి ఉంది. దాని కింద: "రాలేకపోతే చెప్పండి."

ఆమె రసం గరిటెతో నా విస్తరి దగ్గర నిలబడింది. "ఇంకొంచెం పోసేదా?"