మ్యూజిక్ పర్ఫార్మెన్స్‌లో మాస్టర్స్‌కి అమెరికా వెళ్తున్నారా? డిపాజిట్ కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

వయొలిన్, పియానో, వోకల్ ఏదైనా సరే, మాస్టర్ ఆఫ్ మ్యూజిక్‌కి అప్లై చేస్తున్న మనవాళ్ళ కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం రాస్తున్నా. యూనివర్సిటీ పేరు చెప్పను గానీ జరిగింది ఉన్నదున్నట్టు చెప్తా.

హైదరాబాద్‌లో వెస్టర్న్ వయొలిన్ నేర్చుకున్నా, ట్రినిటీ గ్రేడ్ 8 దాకా చేశా. స్పీడుగా స్పిక్కాటో (బో తీగ మీద ఎగిరెగిరి పడేలా వాయించడం) వాయిస్తే నా కుడి భుజం బిగుసుకుపోతుంది, అది సరిచేయగలిగేది ఈయనే అని నమ్మి ఒక్క ప్రొఫెసర్ కోసం ఆ యూనివర్సిటీ ఎంచుకున్నా. ఆన్‌లైన్ ఆడిషన్‌లో ఆయనే విన్నారు, బాగుందన్నారు, సీటొచ్చింది, నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తెచ్చారు. తీరా ఆగస్టులో దిగి నోటీసు బోర్డు మీద స్టూడియో లిస్ట్, అంటే ఎవరికి ఏ గురువో చెప్పే లిస్ట్ చూస్తే నా పేరు ఎదురుగా ఇంకెవరిదో పేరుంది. ఎవరా అని ఆరా తీస్తే అక్కడే డాక్టరేట్ చేస్తున్న స్టూడెంట్. నేను నమ్ముకొచ్చిన మా సార్ ఆ ఏడాదంతా సబాటికల్‌లో (పాఠాలు చెప్పకుండా తీసుకునే పెద్ద సెలవు) ఉన్నారు, ఆ సంగతి మా ఆడిషన్లప్పటికే డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసట, మాకు మాత్రం ఒక్కళ్ళూ చెప్పలేదు! ఆ అబ్బాయి పాపం మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు, అతన్ని ఏమీ అనను, కానీ నా భుజం ఎప్పటిలాగే ఉండిపోయింది.

ఇది ఎంఎస్ లాంటి కోర్సు కాదండీ. వారానికో గంట గురువు ఎదురుగా ఒక్కళ్ళమే నిలబడి వాయించే లెసన్ ఉంటుంది చూడండి, మనం కట్టే డబ్బులన్నీ దానికే, ఆర్కెస్ట్రా, థియరీ క్లాసులు ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే డిపాజిట్ కట్టే ముందే ప్రొఫెసర్‌కీ డిపార్ట్‌మెంట్‌కీ ఇద్దరికీ మెయిల్ పెట్టండి, ఈ 2 ఏళ్ళూ ప్రతివారం నాకు లెసన్ మీరే చెప్తారా, లీవ్‌గానీ టూర్లుగానీ ఉన్నాయా అని, జవాబు రాతపూర్వకంగా రావాలి. ట్రయల్ లెసన్ అడగండి. ఇప్పుడు ఆయన దగ్గరున్న స్టూడెంట్స్‌ని పట్టుకుని పోయిన సెమిస్టర్‌లో ఎన్ని లెసన్లు ఆయనే చెప్పారో లెక్క అడగండి.

డబ్బుల దగ్గరా దెబ్బతిన్నా. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పని చేస్తే ఇచ్చే ఫండింగ్) లెటర్‌లో 'రెన్యూవబుల్' అని ఉంటే రెండో ఏడాదీ ఇస్తారనే అనుకున్నాం, ఇవ్వలేదు. రిసైటల్‌కి, అంటే నా సోలో కచేరీకి, పక్కన పియానో వాయించినవాళ్ళకి గంటకింత అని నేనే ఇచ్చుకున్నా. కన్సల్టెన్సీ వాళ్ళేమో చదువయ్యాక 3 ఏళ్ళు ఉద్యోగం చేసుకోవచ్చన్నారు, అది తప్పు, పర్ఫార్మెన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందకి రాదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి, 12 నెలలే, ఆ పైన 24 నెలల ఎక్స్‌టెన్షన్ మనకి ఉండదు. ఈ వారంలోనే తేల్చి చెప్పమని తొందరపెడితే కంగారుపడకండి, ఫండింగ్ ఆఫర్‌కి ఏప్రిల్ 15 దాకా టైమ్ ఇస్తామని అక్కడ చాలా యూనివర్సిటీలు ఒప్పుకుని సంతకం పెట్టాయి, మీది ఆ లిస్టులో ఉందో లేదో చూసుకోండి. ఇంకోటి, యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో సీటొస్తే ట్యూషన్ ఫీజే లేదు, 2005లో 10 కోట్ల డాలర్ల విరాళం వచ్చినప్పట్నుంచీ అంతే. సీట్లు తక్కువని నేను భయపడి అప్లై చెయ్యలేదు, మీరు చెయ్యండి.

సార్ ఈ ఆగస్టులో తిరిగొచ్చారు. మొదటి లెసన్‌లోనే నా మోచెయ్యి కింద రెండు వేళ్ళు పెట్టి కాస్త కిందికి దించారు, భుజం వదులైపోయింది. మే నెలతో నా కోర్సు అయిపోతుంది.