స్టిచింగ్ వైరు: వాడి చూసిన రకాలు, వాటి పనితీరు

బైండింగ్ పనిలోనూ అట్టపెట్టెల తయారీలోనూ ఏళ్ల తరబడి ఉక్కు స్టిచింగ్ వైరు, అంటే కాగితాలకు, అట్టకు పిన్నులు కొట్టే యంత్రంలో వేసే తీగ వాడుతున్నాను. కొనేవారు సాధారణంగా గేజి (తీగ మందాన్ని తెలిపే అంకె), పూత, ధర అడుగుతారు. యంత్రం ఆగకుండా నడవాలంటే మాత్రం స్పూలు మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు వరకు తీగ గట్టిదనం, వంపు మారకుండా ఉండడమే అన్నిటికన్నా ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయం.

స్టేప్లర్ పిన్నులు ముందే తయారై వస్తాయి. ఇక్కడ అలా కాదు. యంత్రంలో పిన్ను కొట్టే భాగమైన స్టిచింగ్ హెడ్డు తీగను స్పూలు నుంచి లాగి, నిటారు చేసి, కొలత ప్రకారం కోసి, పిన్నుగా వంచి, కాగితంలోకి దించుతుంది. కింద ఉన్న క్లించర్లు దాని కాళ్లను మడుస్తాయి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. వంగేంత మెత్తదనం, కాగితాన్ని పొడిచేంత బిగువు ఒకే తీగలో కావాలి కాబట్టే తక్కువ కార్బన్ ఉన్న ఉక్కును డైల (సన్నని రంధ్రాలున్న అచ్చుల) గుండా లాగి దీన్ని తయారుచేస్తారు. మెత్తనైతే పిన్ను కాలు దొంతర మధ్యలోనే వంగిపోతుంది. మరీ గట్టిదైతే మడత సరిగా పడదు, కటర్ అంచు త్వరగా అరుగుతుంది.

కొత్త స్పూలు వచ్చినప్పుడల్లా నేను ఒక మీటరు తీగ కోసి, చదునైన బల్ల మీద వదులుతాను. మంచి తీగ పెద్ద వలయంలా బల్లకు ఆనుకొని పడుకుంటుంది. ఒక కొస పైకి లేచి మెలి తిరిగిందంటే, హెడ్డును ఎంత సరిచేసినా పిన్ను కాళ్లు పక్కకు పోతూనే ఉంటాయి. ఒక తయారీదారు పంపిన సరుకులో స్పూలు మధ్య అతుకులు కూడా వచ్చాయి. అతుకు వచ్చిన ప్రతిసారీ హెడ్డు ఇరుక్కుని, పని ఆగిపోయేది.

పుస్తకాలకు వాడేది గుండ్రటి తీగ. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: బ్రిటిష్ కొలతలో 24 గేజి సుమారు 0.56, 25 గేజి 0.51, 26 గేజి 0.46 మిల్లీమీటర్లు. పలుచని పత్రికల సెంటర్ పిన్నింగ్‌కు (నడిమి మడత మీద పిన్ను కొట్టడానికి) 26, సాధారణ పుస్తకాలకు 25, మందమైన సైడ్ పిన్నింగ్‌కు (వీపు పక్క అంచున దొంతర గుండా పిన్ను కొట్టడానికి) 24 లేదా అంతకన్నా లావైనది నాకు సరిపోయాయి. సన్నని పుస్తకానికి లావు తీగ వేస్తే మడత దగ్గర కాగితం చిరగడమే కాక, దొంతర పేర్చినప్పుడు వీపు వైపు ఎత్తుగా లేస్తుంది.

పూత విషయంలో నా ఓటు జింకుకే. రాగి పూత చూడడానికి బాగుంటుంది, తీగ సాఫీగా జారుతుంది. కానీ ఆ పూత చాలా పలుచన, అది గీరుకుపోయిన చోట తేమ తగిలితే రాగి పక్కనున్న ఉక్కు ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. జింకు అలా కాదు, తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర తీగతో కుట్టిన పుస్తకాలను చూసినవారికి ఈ తేడా ఎంత ముఖ్యమో అర్థమవుతుంది: పిన్ను చుట్టూ కాగితం గోధుమ రంగుకు తిరిగి, పెళుసుబారి, ముట్టుకుంటేనే రాలిపోతుంది. తరాలపాటు నిలవాల్సిన దస్తావేజులను తీగతోనే కుట్టాల్సి వస్తే స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. ధర ఎక్కువ, హెడ్డు భాగాలు తొందరగా అరుగుతాయి, అయినా అలాంటి పనికి ఆ ఖర్చు న్యాయమే.

అట్టపెట్టెలకు బల్లపరుపు తీగ కావాలి. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉండడం వల్ల ఒత్తిడి పరుచుకుని, పై కాగితం తెగకుండా నిలుస్తుంది. అదే గుండ్రటి సన్న తీగ అయితే బరువు పడగానే అట్టను కోసుకుంటూ పోతుంది. పెట్టె అతుకు దగ్గర పిన్నులను ఏటవాలుగా వేయిస్తాను. అలా వేస్తే ఒక్కో పిన్ను అట్ట లోపలి ముడతలను అడ్డంగా దాటి పట్టుకుంటుంది. ఇప్పుడు చాలా పెట్టెలు జిగురుతోనే అతుకుతున్నారు, ఆహార పదార్థాల్లో లోహపు ముక్క పడే భయం ఉన్నచోట అదే మంచిది కూడా. బరువైన యంత్ర భాగాలకు, తేమలో ఉండే సరుకుకు, జిగురు సరిగా అంటని మైనపు పూత అట్టకు మాత్రం నేను ఈ తీగనే నమ్ముతాను. ప్లాస్టిక్ సంచుల మీద అట్ట చీటీలు బిగించడానికీ గుండ్రటి తీగ బాగానే పనికివస్తుంది.

ఏ రకం వాడినా తీగ హెడ్డులోకి వెళ్లే దారిలో ఒక ఫెల్టు ముక్క పెట్టి, దాని మీద ఒకటి రెండు నూనె చుక్కలు వేయడం మంచిది. రాలిన పూత పొడి అక్కడే ఆగిపోతుంది. నూనె అంతకు మించితే మొదటి పుస్తకాల మీద మరక పడుతుంది కనుక, ఫెల్టు మార్చినప్పుడల్లా కొన్ని పిన్నులు చిత్తు కాగితం మీద కొట్టి చూసి, ఆ తర్వాతే అసలు పని పెట్టాలి.