హాట్ చాక్లెట్: కోకో పొడితోనా, చాక్లెట్ ముక్కలతోనా?

కోకో పొడి చవక, నెలల తరబడి నిల్వ ఉంటుంది. కాకపోతే నేరుగా మరిగే పాలలో వేస్తే ఉండలు కడుతుంది. కప్పుకు రెండు చెంచాల పొడి, అంతే చక్కెర, కాసిన్ని వేడి పాలతో ముందు ముద్దలా కలిపి, తర్వాతే మిగతా పాలు పోయాలి.

డార్క్ చాక్లెట్‌తో చేస్తే రుచే వేరు. పొడి తయారీలో కోకో గింజల్లోని వెన్నను చాలావరకు పిండేస్తారు; చాక్లెట్‌లో అది ఉంటుంది. అందుకే చిక్కగా, నాలుక మీద మెత్తగా జారుతుంది. కొనేటప్పుడు మాత్రం ‘కాంపౌండ్’ అని ఉన్నది వద్దు, అందులో కోకో వెన్న బదులు వేరే కొవ్వు వేస్తారు. 200 మి.లీ. పాలకు 30 గ్రాములు తురిమి, సిమ్‌లో కలుపుతూ కరిగించాలి. చిటికెడు ఉప్పు వేస్తే చేదు తగ్గుతుంది.

రోజూ పిల్లలకు పొడితోనే చేస్తాను. వాన పడే ఆదివారం సాయంత్రం మాత్రం చాక్లెట్ ముక్కలే.