యూఎస్‌డీఏ లోన్‌తో ఐదేళ్లు: బావి నీళ్ల పేచీ

యూఎస్‌డీఏ లోన్ అంటే అమెరికా వ్యవసాయ శాఖ గ్యారంటీతో బ్యాంకుల్లాంటి సంస్థలు ఇచ్చే ఇంటి లోన్. డౌన్ పేమెంట్ సున్నా అని, పల్లె ప్రాంతంలోనే ఇల్లు ఉండాలని, ఆదాయానికి పరిమితి ఉందని అందరూ చెప్పేదే. అవి వదిలేస్తాను. ఈ లోన్‌లో నాకు బాగా నచ్చింది, అప్పట్లో బాగా విసిగించింది కూడా, నీళ్ల పరీక్ష.

2020లో అయోవా రాష్ట్రంలో మారియన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), పెల్లా అనే ఊరికి కాస్త దూరంగా ఇల్లు చూశాం. మూడు పక్కలా మొక్కజొన్న చేలు. ఊరి నీళ్ల కనెక్షన్ లేదు, లోతు తక్కువ ఉన్న పాతకాలపు బావే ఆధారం. సొంత బావి ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయని ల్యాబ్ రిపోర్టు ఉండాలి, లేకపోతే ఈ లోన్ ముందుకు కదలదు. మామూలు లోన్లలో చాలాసార్లు ఇది కొనేవాడి ఇష్టానికే వదిలేస్తారు.

రిపోర్టులో నైట్రేట్ ఎక్కువని వచ్చింది. నైట్రేట్‌ని నైట్రోజన్ లెక్కలో కొలిస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రభుత్వ పరిమితి. చేలో చల్లిన ఎరువు, పశువుల పేడ వానకి భూమిలోకి దిగి ఇలాంటి బావుల్లో చేరుతుంది. రంగు మారదు, వాసన ఉండదు. ఇల్లు అమ్ముతున్న ఇంటాయన "ఇన్నేళ్లుగా తాగుతున్నాం, మాకేమైంది?" అన్నాడు. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పసిపిల్లలకైతే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారొచ్చు. పాలపొడి కలపడానికి మనం అలవాటుగా నీళ్లు కాస్తాం కదా, కాచినకొద్దీ నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. మా పాప అప్పటికి డబ్బా పాల మీదే ఉంది.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు చూస్తూ పెరిగినోణ్ని. ఫోన్‌లో చెబితే అమ్మ "గంత దూరం పోయినా నీళ్ల గోస తప్పలేదా బిడ్డా!" అంది.

బేరం దాదాపు తప్పిపోయింది. చివరికి రోడ్డు వెంట పోయే రూరల్ వాటర్ లైన్ నుంచి కనెక్షన్ ఇప్పించడానికి ఇంటాయన ఒప్పుకున్నాడు. ఈలోగా వడ్డీ లాక్ (వడ్డీ రేటు మారకుండా ఖాయం చేసి ఉంచే) గడువు అయిపోతే పొడిగింపు ఛార్జీ మా నెత్తినే వేసింది లోన్ ఇచ్చిన సంస్థ. ఇప్పుడా బావి గోంగూరకీ బెండకీ పనికొస్తోంది. అయోవాలో బావి నీళ్లు కౌంటీవాళ్లే ఉచితంగా పరీక్ష చేస్తారని తర్వాత తెలిసింది. ఏ లోన్ తీసుకున్నా బావి ఉంటే వాళ్లకి ముందే ఫోన్ చేయండి.

ఇల్లు కొన్న కొత్తలో ఈ లోన్ గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తెగ చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను. మొదట్లో 1 శాతం గ్యారంటీ ఫీజు అసలులో కలిపేస్తారు, అది సరే. ఏటా కట్టే 0.35 శాతం ఫీజు మాత్రం వదలదు. రెండు లక్షల డాలర్ల బాకీ మీద సుమారు 700 డాలర్లు. బాకీ తగ్గుతుంటే ఇదీ తగ్గుతుంది గానీ లోన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. మామూలు లోన్‌లో ఇంటి విలువలో 20 శాతం మనదయ్యాక, లోన్ ఇచ్చినవాళ్ల రక్షణ కోసం మనం కట్టే ఇన్సూరెన్స్‌ని తీసేయమని అడగొచ్చు, ఇక్కడ ఆ దారి లేదు. రీఫైనాన్స్ చేస్తే, అంటే మరో లోన్ తీసుకుని దీన్ని తీర్చేస్తే, ఫీజు పోతుంది, దాంతోపాటు 2020 నాటి 3 శాతం చిల్లర వడ్డీ కూడా పోతుంది. ఇప్పుడెవరు వదులుకుంటారు?

హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. మాకు గ్రీన్ కార్డు ఉండబట్టి కుదిరింది. కాగితాల మీద పేరు లేకపోయినా ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి సంపాదనా లెక్కలోకి వస్తుంది. అప్పట్లో మాది ఒక్క జీతమే కాబట్టి పరిమితి లోపల ఉన్నాం. తర్వాత మా ఆవిడ ఉద్యోగంలో చేరింది, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, చూసేది లోన్ ఇచ్చేనాటి ఆదాయమే.

ఊరి నీళ్లు ఉన్న ఇల్లయితే, చేతిలో డౌన్ పేమెంట్‌కి ఓ 5 శాతం ఉంటే, మామూలు లోన్‌కి కూడా లెక్క కట్టించి పక్కపక్కన పెట్టి చూసుకోండి. మాకు అప్పుడు ఆ 5 శాతమూ లేదు, చెల్లి పెళ్లికి పంపేశాం.