మనిషి ఫైలా, దళం డైరీయా: దాచిన సర్వీసును ఏది బయటపెడుతుంది?

కుర్ట్ వాల్డ్‌హైమ్ చెప్పుకున్న కథలో 1941 తర్వాత యుద్ధం లేదు. రష్యా వైపు యుద్ధంలో కాలికి దెబ్బ తగిలింది, వియన్నా వచ్చేశాను, లా చదువుకున్నాను. అంతే. ఆ కథతోనే 1972 నుంచి 1981 చివరి దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. 1986లో ఆస్ట్రియా అధ్యక్ష పదవికి పోటీ చేసేసరికి పాత కాగితాలు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. పుట్టింది ఆస్ట్రియాలోనే అయినా, 1938లో ఆ దేశాన్ని జర్మనీ కలిపేసుకున్నాక అతను జర్మన్ సైన్యంలో ఆఫీసరు.

ఇలాంటి మనిషి జాడ తీయాలంటే మూడు రకాల కాగితాలున్నాయి: అతని సొంత సర్వీసు ఫైలు, అతను పనిచేసిన దళం రికార్డులు, యుద్ధం అయ్యాక పెట్టిన నేరారోపణ ఫైళ్లు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు దాదాపు అందరూ మొదటిదాని కోసమే పరిగెత్తుతారు. నా ఓటు రెండోదానికి.

సొంత ఫైలును తీసిపారేయలేం. 1986 మార్చిలో వియన్నా పత్రిక 'ప్రొఫిల్' బయటపెట్టింది అతని సైనిక రికార్డు కార్డునే. అందులో నాజీ విద్యార్థి సంఘం, నాజీల తుపాను దళం ఎస్ఏ గుర్రపు విభాగం ప్రస్తావనలున్నాయి. గుర్రపుస్వారీ కోసం వెళ్లానే తప్ప పార్టీ మనిషిని కానని అతను సర్దిచెప్పుకున్నాడు. సరే, ఎస్ఏలో ఉన్నది ఆయన కాదు, ఆయన గుర్రం మాత్రమే అన్నమాట అని అప్పటి చాన్సలర్ ఫ్రెడ్ సినోవాట్స్ వేసిన సెటైరు ఆస్ట్రియాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కార్డు బలం అది: తేదీ, హోదా, గాయం, సభ్యత్వం పొట్టిగా ఉంటాయి. బలహీనతా అదే. ఎక్కడున్నాడో చెబుతుంది గానీ, అక్కడ రోజూ ఏం చేశాడో చెప్పదు. పైగా ఫైలు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. పోట్స్‌డామ్‌లోని సైనిక ఆర్కైవ్ 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ బాంబు దాడిలో కాలిపోయింది. మీరు వెతికే మనిషి మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రష్యా సైన్యంలో ఉంటే ఆ భాగం చాలావరకు పోయినట్టే లెక్క. రెండో యుద్ధానికైతే బెర్లిన్‌లో కోటీ 80 లక్షలకు పైగా పేర్లున్న కార్డుల సూచిక ఉంది. 2019 నుంచి అది జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో భాగం. మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల నంబరు, గాయపడితే చేర్చిన ఆసుపత్రి లాంటివి అక్కడ దొరుకుతాయి. ఉత్తరం రాసి ఓపిగ్గా ఎదురుచూడాలి.

ఇప్పుడు దళం రికార్డులు. మన ఊళ్లో భూమి తగాదా వస్తే దస్తావేజు ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, ఆ ఏడు సాగు చేసింది ఎవరన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి అడంగల్ చూడాలి. దళం యుద్ధ డైరీ, దాని అనుబంధాలు అచ్చం అడంగల్ లాంటివే. వాటిని ఆ మనిషి గురించి ఎవరూ రాయలేదు. ఆ పూట పని జరగడానికి రాసుకున్నారు. అందుకే వాటిలో ఒకడి పేరు దాచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

చరిత్రకారుడు రాబర్ట్ హెర్జ్‌స్టీన్ అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో తిరగేసినవి ఇలాంటి రికార్డులే. ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతంలో ఉన్న జర్మన్ దళం ఆర్మీ గ్రూప్ ఇ కాగితాల్లో వాల్డ్‌హైమ్ కనిపించాడు. ఆ దళం కమాండర్ అలెగ్జాండర్ లోర్. యుద్ధ నేరాలకు 1947లో యుగోస్లావియా అతనికి మరణశిక్ష అమలు చేసింది. ప్రధాన కార్యాలయం గ్రీస్‌లో, థెస్సలొనీకి పక్కన అర్సాక్లిలో. వాల్డ్‌హైమ్ పనిచేసింది 'ఐసీ' విభాగంలో. జర్మన్ స్టాఫ్ భాషలో 'ఐఏ' అంటే యుద్ధ కార్యకలాపాలు, 'ఐసీ' అంటే శత్రువు గురించిన సమాచారం. అందులో అతని స్థానం 'ఓ3', అంటే మూడో సహాయక ఆఫీసరు. కింది దళాల నుంచి వచ్చే రిపోర్టులు చూసి, క్రోడీకరించి పైకి పంపే ఉద్యోగం. ఏ ఊరి మీద పడ్డారు, ఎంతమందిని పట్టుకున్నారు అనేవి అలాంటి బల్ల మీదుగా పోయే విషయాలు. చదివినట్టు గుర్తుగా కాగితం మీద పొట్టి సంతకం. ఇలాంటి ఒక్క అక్షరం కోసం మైక్రోఫిల్మ్ రీలు రీలంతా తిప్పాలి, మెడ పట్టేస్తుంది.

ఆ రీళ్ల సంగతి. అమెరికన్లు పట్టుకున్న జర్మన్ కాగితాలను వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో మైక్రోఫిల్మ్ తీసి, అసళ్లను జర్మనీకి తిరిగిచ్చారు. అందుకే ఒకే కాగితం రెండుచోట్ల ఉంటుంది: అసలు ఫ్రైబుర్గ్ సైనిక ఆర్కైవ్‌లో, ఫిల్ము మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో. ఆర్మీ గ్రూపుల రీళ్లకు టీ-311 అన్న సిరీస్ ఉంది. దూరాన ఉండి వెతికేవాళ్లకు ఫిల్మే సులువు. కానీ ఫిల్ములో రంగు పెన్సిలు గీతలన్నీ బూడిద రంగులోనే కనిపిస్తాయి. ఏ గీత ఎవరిదో తేల్చాలంటే ఫ్రైబుర్గ్ వెళ్లక తప్పదు.

దళం రికార్డు ఒక్కటే పట్టుకుంటే మాత్రం బోల్తా పడతాం. దళం అక్కడుంది కాబట్టి మనిషీ అక్కడే ఉన్నాడనుకోవడం పెద్ద పొరపాటు. 1943 మార్చి నుంచి ఆగస్టు దాకా థెస్సలొనీకి యూదులను రైళ్లలో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు పంపేశారు. ఆ నెలల్లో మొదట అతను చదువు సెలవులో ఉన్నాడు, తర్వాత ఇటాలియన్ సైన్యం దగ్గర డెప్యుటేషన్ మీద అల్బేనియా రాజధాని టిరానాలో ఉన్నాడు. 1943 మే 22న పొడ్గోరిత్సా విమానాశ్రయంలో ఇటాలియన్ జనరల్ రోంకాలియా, నాజీల సాయుధ దళం ఎస్ఎస్ జనరల్ ఆర్తుర్ ఫ్లెప్స్‌తో కలిసి నిలబడ్డ ఫోటో అప్పటిదే. బాల్కన్‌లో నేను లేనన్న కథను కూల్చడానికి ఆ ఒక్క ఫోటో చాలు. ఏ నేరం చేశాడన్నదానికి మాత్రం అది సాక్ష్యం కాదు. సెలవు, డెప్యుటేషన్ తేదీలు సరిచూడ్డానికి మళ్లీ సొంత కాగితాల దగ్గరికే రావాలి.

మూడోది నేరారోపణ ఫైలు. చూడగానే గుండె ఝల్లుమంటుంది, నమ్మడానికి మాత్రం అన్నిటికన్నా కష్టం. 1948లో యుగోస్లావియా ఫిర్యాదు మీద ఐక్యరాజ్యసమితి యుద్ధ నేరాల కమిషన్ అతని పేరును నిందితుల జాబితాలో చేర్చింది. ఆ కమిషన్‌లో భారత్ కూడా సభ్య దేశమే. ఆ ఫైళ్లు భద్రపరిచింది న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి ఆర్కైవ్‌లోనే. తన మీది ఫైలున్న ఊళ్లోనే అతను పదేళ్లు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు! కానీ ఆ ఫిర్యాదు నాటికి యుగోస్లావియాకు ఆస్ట్రియాతో సరిహద్దు పేచీ నడుస్తోంది, సాక్ష్యాలూ బలహీనం. ఇలాంటి ఫైలులో ఉండేది ఒక పక్షం మాట. ఎక్కడ వెతకాలో చెప్పే చీటీగా వాడుకుంటే చాలు.

అమెరికా 1987లో అతను తమ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధించింది. 1988 ఫిబ్రవరిలో అంతర్జాతీయ చరిత్రకారుల కమిషన్ స్వయంగా నేరం చేసినట్టు రుజువు లేదంది, జరుగుతున్నవి అతనికి తెలుసంది, గతాన్ని దాచాడంది. అప్పటికి ఏడాదిన్నరకు పైగా అతను ఆస్ట్రియా అధ్యక్షుడు.