నల్గొండ పీహెచ్‌డీ బ్యాచ్, టేబుల్స్ బయట చేపిస్తున్నరా? జర ఆగుండ్రి

ఇప్పుడే ఫోన్ పెట్టేసిన, చేతులింకా వణుకుతున్నయ్, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. గడియారం సెంటర్ దిక్కు థీసిస్ పనులు చేసిచ్చే అన్న ఎవరో చెప్పక్కర్లేదు, మనోళ్లల్ల సగం మంది ఆయన దగ్గర్నే చేపిచ్చుకున్నరు. నేను గూడ 3500 ఇచ్చిన, మొత్తం ముందే (సగమే ఇయ్యాలన్న తెలివి అప్పుడు యాడికి పోయిందో).

మర్రిగూడ దిక్కు బడిపిల్లల పండ్ల మీద మచ్చలు, తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్, ఇదీ నా డేటా, ఎండల బండి మీద తిరిగి తెచ్చుకున్నది. ఆయన ఎస్‌పీఎస్‌ఎస్‌ల (స్టాటిస్టిక్స్ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్) కొట్టి సమ్మరీ టేబుల్స్ ఎక్సెల్‌ల పంపిండు, నేను పైపైన చూసి రంగులు మంచిగున్నయ్‌లే అనుకొని జర్నల్‌కు తోలేసిన. నిన్న తిరిగొచ్చింది. రివ్యూయర్ మొదటి ప్రశ్న: స్టాండర్డ్ డీవియేషన్ (నంబర్లు సగటు నుంచి ఎంత చెదిరినయో చెప్పే లెక్క, సున్నా కంటె కిందికి పోదు) మైనస్‌ల ఎట్లుంటది?

ఎట్లుంటది మరి! డిగ్రీ పిల్లగాడు గూడ నవ్వుతడు. ఫైల్ తెరిచి చూస్తే మీన్ (సగటు) పక్క సెల్‌ల ఆ డీవియేషన్ (1.12) అని ఉండాల్సింది -1.12 అయి కూసుంది, అన్నీ గట్లనే. బ్రాకెట్‌ల ఉత్త నంబర్ పడితే ఎక్సెల్ దాన్ని అకౌంట్స్‌ల నష్టం అనుకొని మైనస్ చేస్తదంట. గంతేనా, 6-12 ఏండ్ల పిల్లలు 06-డిసెంబర్ పిల్లలైండ్రు. 13-18 వాళ్లు బతికిపోయిండ్రు, 18వ నెల లేదు గద.

ఫోన్ చేసి "అన్నా ఇట్లైంది, జర సరిచేసియ్యి" అన్న, మర్యాదగనే. ఆయన ఛాయ్ జుర్రుతున్న చప్పుడు ఇనొస్తుంది. "నేను పంపినప్పుడు మంచిగనే ఉండె తమ్మీ, నీ సిస్టమే ఖరాబైనట్టుంది." సరే, ఎస్‌పీఎస్‌ఎస్ అవుట్‌పుట్ ఫైలన్న ఇయ్యి, నేనే చేస్కుంట అంటే "దానికి ఇంకో 1000 అయితది" అన్నడు. నా డేటా, నా పైసలు, దాని అవుట్‌పుట్‌కు మళ్లా వెయ్యి! గట్టిగ అడిగితే నవ్విండు, నవ్వి "చూస్కోకుండ పంపేటోనికి పీహెచ్‌డీ ఎందుకు తమ్మీ" అని కట్ చేసిండు. తమ్మీ అంట. నోరు పెగల్లేదు నాకు, ఎందుకంటే చూస్కోలేదన్నది నిజమే, అదే ఎక్కువ మండుతుంది. గైడ్ సార్‌కు ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?

ఇగ మీకైతే, అవుట్‌పుట్ ఫైల్ చేతికొచ్చినంకనే మిగతా పైసలియ్యిండ్రి. సీఎస్‌వీ (కామాలు పెట్టి రాసిన ఉత్త టెక్స్ట్ ఫైల్) పంపితే డబుల్ క్లిక్ కొట్టకుండ్రి, ఎక్సెల్ డేటా ట్యాబ్‌లకెళ్లి తెచ్చి ఆ కాలమ్స్‌కు టెక్స్ట్ అని పెట్టుండ్రి. ఒక్కసారి డేట్ అయినంక టెక్స్ట్ అని మారిస్తే 6-12 తిరిగి రాదు, ఏదో ఐదంకెల నంబర్ పడ్తది, రాత్రి రెండింటిదాక అదే చూసిన. పీ వాల్యూ (అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనపడే అవకాశం, ఉత్త సున్నా కాదు) 0.000 అని ఉన్నకాడ 0.001 కంటె తక్కువ అని మార్చుకోండ్రి, నాకు దానికి గూడ తిట్లు పడ్డయ్.

ఎస్‌పీఎస్‌ఎస్ వచ్చినోళ్లు ఎవరన్న ఉంటే మెసేజ్ పెట్టుండ్రి, మొదటికాడికెళ్లి మళ్ల కొట్టాలె. ఛాయ్, మిర్చీలు నావే.